పద్నాలుగో నెంబరు సద్దిగిన్నె

నేను ఒక స్టీలు టిఫిన్ క్యారియర్ని. మూడు గిన్నెలు, ఒక మూత, పక్కల రెండు కొక్కేలు, పైన ఒక పిడి. నన్ను చూసి ఎవరూ ఆగరు. కానీ ఒక వేసవి మధ్యాహ్నం, ఒక ముసలావిడ బతుకుతుందా లేదా అన్నది నా అడుగు గిన్నెలో ఏముందన్న దాని మీద నిలబడింది. ఆ గిన్నెలో ఏమీ లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదటి నుంచి చెబుతాను. సాగదీయను.

ఒక కార్ఖానాలో రేకు పరిచారు, ప్రెస్సు దిగింది, గిన్నెనయ్యాను. నొప్పి గుర్తు లేదు, చప్పుడు గుర్తుంది. అక్కడి నుంచి గడ్డిలో చుట్టుకుని లారీ ఎక్కి ఒక స్టీలు సామాన్ల దుకాణానికి వచ్చాను. ఒక బ్యాంకు గుమస్తా తన తోటి ఉద్యోగి పెళ్ళికి నన్ను కొన్నాడు. కొని ఊరుకోలేదు. దుకాణం ముందు మిషనుతో కూర్చున్నవాడి దగ్గర నా మూత మీద తన పేరు కొట్టించాడు. మనుషులు దాన్ని గుర్తు అంటారు. నేనైతే తాళం అంటాను. పేరు కొట్టిన గిన్నెను ఇంకో పెళ్ళికి కానుకగా నెట్టడం కుదరదు మరి.

అదే బ్యాంకులో ఇంకో గుమస్తా, అదే దుకాణంలో, అచ్చం నాలాంటిదాన్నే కొన్నాడు. పెళ్ళి పందిట్లో మమ్మల్నిద్దరినీ పక్కపక్కన చూసి పెళ్ళికూతురి తల్లి మొహం చిట్లించింది. "ఇద్దరొక్క తీరుగనే తెచ్చిన్రు. ముందుగాల మాట్లాడుకుంటే ఏం పోయింది?" అంది. ఆ సాయంత్రమే మా ఇద్దరినీ అటకెక్కించారు.

అక్కడ ఏళ్ళ తరబడి ఉన్నాం. పాత దుప్పటి కింద, భుజానికి భుజం ఆనించి. దాన్ని నా జంట అనుకునేవాణ్ని. ఆ రోజులు నాకు మహా విసుగ్గా ఉండేవి. ఒక్కసారైనా నాలో వేడి అన్నం పడితే బాగుండునని, ఎవరైనా నా మూత తీసి వాసన చూస్తే బాగుండునని కోరుకునేవాణ్ని. పక్కన జంట ఉందన్న సంగతి లెక్కలోకే తీసుకోలేదు. కోరిక తీరాక తెలిసింది, అటక మీద నాకేం ఉండేదో.

మాది ఉత్తర తెలంగాణలో మరమగ్గాలు నడిచే ఒక చిన్న పట్టణం. పేరు చెప్పను, అక్కడ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళున్నారు. ఆ ఊరి మున్సిపాలిటీ 'పెద్దల భోజనం' అని ఒక పథకం మొదలుపెట్టింది. ఒంటరిగా ఉండి వండుకోలేని ముసలివాళ్ళకు మధ్యాహ్నం ఇంటికే అన్నం. బియ్యానికి, పప్పుకు, వండే మహిళా సంఘానికి, మోసే ఆటోకు అన్నిటికీ మంజూరైంది. వండింది దేంట్లో పెట్టి పంపాలన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు. మొదటి రోజు పొగలు కక్కే సాంబారు చుట్టూ అందరూ నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. చివరికి ఆటోకు మైకు కట్టి వాడవాడలా తిప్పారు: "మీ ఇండ్లల్ల వాడని టిఫిన్ గిన్నెలుంటే మున్సిపాలిటీకి ఇయ్యగలరు!" ఊళ్ళో అటకలన్నీ కదిలాయి. మేమిద్దరం కిందికి దిగాం.

ఒక్కో ముసలిమనిషికి రెండు గిన్నెలు. నిండుది ఒకటి వెళుతుంది, నిన్నటి ఖాళీది ఒకటి వస్తుంది. మేము ఒక్క తీరుగా ఉన్నామని ఇద్దరికీ ఎర్ర రంగుతో ఒకటే నెంబరు వేశారు, పద్నాలుగు. పని దొరికింది. కానీ ఇక మేమిద్దరం ఒకచోట ఉండేది లేదు. ఆటో నడిపే మొగిలి రోజూ ఒక గుమ్మం ముందు ఆగుతాడు. గోడ మేకుకు వేలాడే ఖాళీదాన్ని తీస్తాడు, నిండుదాన్ని తగిలిస్తాడు. ఆ మధ్యలో మా అంచులు ఒక్కసారి తగిలి 'టంగ్'మంటాయి. రోజంతటికీ మాకు అదే కలయిక.

ఆ గుమ్మం వజ్రవ్వది.

వజ్రవ్వ బతుకంతా బీడీలు చుట్టింది. పిల్లలు లేరు. భర్త ఓదెలు మరమగ్గాల మీద పనిచేసి ఏనాడో పోయాడు. మగ్గాలను ఆ ఊళ్ళో సాంచాలంటారు. రాజేశం అనే ఆసామి సాంచాల షెడ్డు వెనకాల ఒక గదిలో ఆమె అద్దెకుండేది. సాంచాలు తిరుగుతుంటే పక్క మనిషి మాట వినపడదు. అందుకేనేమో, ఆమె మాట్లాడితే పక్క వీధికి వినపడేది.

నా మూత తీసి ముందు వాసన చూసేది. ఎంతకాలం ఎదురుచూశాను దానికోసం! "సుగుణ ఇయ్యాల పప్పుల ఉప్పు మరిచింది. మొగనితోని కొట్లాడినట్టున్నది" అని తీర్పు చెప్పేది. సుగుణంటే వంటచేసే సంఘానికి పెద్ద. తిన్నాక బూడిదతో తోమి, నా గిన్నెలను పిట్టగోడ మీద బోర్లించేది. మర్నాడు పొద్దున స్నానం చేసి వచ్చి, నన్ను పేర్చి, మేకుకు తగిలించేది.

అయితే ఖాళీగా తగిలించేది కాదు.

మొదటిసారి మొగిలి నన్ను ఊపి చూశాడు. "అవ్వా, గిన్నెల ఏందో సప్పుడైతున్నదే?"

"పల్లికాయ. ఏంచిన."

"మున్సిపాలిటోళ్ళకు పల్లికాయ ఎందుకే?"

"ఒరే, అన్నం పంపినోళ్ళకు ఉత్త గిన్నె మర్లిస్తరారా ఎవలన్న? ఇచ్చినోళ్ళిల్లు, తిన్నోళ్ళిల్లు రెండు ఖాళైతయి. మీ అవ్వ నీకు గింతన్న చెప్పలేదా?"

"మా అవ్వ గిన్నె ఇచ్చుడే తక్కువ" అన్నాడు మొగిలి. ఆమె పడీపడీ నవ్వింది.

తరువాత ఒకరోజు అన్నం తింటూ గోడకు చెప్పినట్టు చెప్పింది. ఓదెలు సాంచాల దగ్గరికి సద్ది పట్టుకుపోయేవాడు. గిన్నె ఎప్పుడూ ఖాళీగా తెచ్చేవాడు కాదు. జీతం వచ్చిన రోజు మిఠాయి, కాలం కలిసొస్తే సీతాఫలం. ఏమీ దొరకని రోజున కింద రాలిన రంగు దారప్పోగు ఒకటి వేసుకొచ్చేవాడు. ఆమె మూత తీసేదాకా పక్కనే నిలబడి చూసేవాడట. "ఆ పోగులన్ని గీ పెట్టెల్నే ఉన్నయి" అంది, ఎవరూ లేని గదిలో. నాలో మెతుకులు చల్లారిపోతున్నా చాలాసేపు ముద్ద ఎత్తలేదు.

కరివేపాకు, జామకాయ, చింతచిగురు, కుండీలో పూసిన బంతిపువ్వు, ఇలా రోజుకొకటి నాలోనో నా జంటలోనో ఎక్కి వంటశాలకు వెళ్ళేది. గిన్నెలు దిగగానే వంటవాళ్ళు ముందు పద్నాలుగునే వెతికేవారు. ప్రభుత్వం పెట్టే భోజనానికి తిరుగుటపా వస్తుందని ఏ ఉత్తర్వులోనూ రాసి ఉండదు.

ఒకరోజు వజ్రవ్వ బెల్లంముక్క వేసింది.

బెల్లానికి చీమలొచ్చాయి. చీమలకు నెంబర్లు తెలియవు. పక్క గిన్నెలోకి పోయాయి, దాన్ని ఎవరో సరిగ్గా తోమలేదు, మర్నాడు ఒక రిటైర్డు మాస్టారి అన్నంలో తేలాయి. ఆయన నేరుగా మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి పెద్దసారు బల్ల మీద ఆ అన్నం పెట్టాడు. పథకమే ఆగిపోయేంత గొడవైంది. దాన్ని చూసుకునే అధికారి ప్రభావతి మేడమ్. ఆవిడ వంటశాలకొచ్చి ఒకటే మాట చెప్పింది.

"రేపటి నుంచి ప్రతి గిన్నె కడిగి, ఖాళీగా రావాలి. లోపల ఏం కనపడినా వాళ్ళ పేరు తీసేస్తా. ఇంకో కంప్లైంటు వస్తే అందరి అన్నం బందైతది. అర్థమైందా?"

మొగిలి గుమ్మం ముందు నిలబడి, నేల చూస్తూ ఆ మాట చేరవేశాడు. వజ్రవ్వ మేకుకున్న గిన్నె వైపు చూసింది. "ఖాళీగనా?" అని మాత్రం అడిగింది.

"ఖాళీగనే అవ్వా. నీ కాల్మొక్త, నా నౌకరి తియ్యకు."

మర్నాడు పొద్దున ఆమె స్నానం చేసి వచ్చింది. నన్ను పేర్చబోయి ఆగింది. బియ్యం డబ్బా మూత తీసింది. స్నానం చేయకుండా ఆ డబ్బాను ముట్టదు ఆమె. రెండు వేళ్ళతో ఒకే ఒక్క గింజ తీసి నా అడుగు గిన్నెలో వేసింది.

'టిక్.'

నాలో అన్నం పడింది, సాంబారు పడింది, పువ్వు పడింది. ఇంత గట్టిగా ఏదీ పడలేదు.

ఇంకో కంప్లైంటు వస్తుందన్న భయంతో ప్రభావతి మేడమ్ రోజూ మధ్యాహ్నం తనే వచ్చి తిరిగొచ్చిన గిన్నెలు చూసేది. నన్ను తెరిచింది.

"ఏంటిది?"

"బియ్యపు గింజ మేడమ్" అంది సుగుణ.

"నాకు కండ్లున్నయి. ఎందుకుంది?"

"కడిగేటప్పుడు జారి పడ్డదేమో."

మర్నాడు నా జంటలోనూ జారి పడింది. ఆ మర్నాడు మళ్ళీ నాలో. మేడమ్ మొగిలిని పిలిచి, రేపు గింజ కనపడితే పేరు కొట్టేస్తానని చెప్పమంది. మొగిలి చెప్పాడు. వజ్రవ్వ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"గింజ కనవడితె కొట్టేస్తదా? మరి ఆమె నాకు రోజు పంపేది గింజలే గదరా! నేనేమన్న కొట్టేసిన్నా?"

ఈ జవాబు మొగిలి మేడమ్‌కు చేరవేయలేదు. మేడమ్ పేరు కొట్టేయలేదు. రోజూ తిట్టేది, రోజూ ఆ గింజను వేలికొసన అంటించుకుని కిటికీ అంచున పెట్టేది. పిచ్చుక వచ్చి తినేది. ఒకరోజు ఆవిడ ఆలస్యంగా వచ్చింది. రాగానే అడిగిన మొదటి మాట, "పద్నాలుగు వచ్చిందా?"

ఇక ఆ రోజు సంగతి.

రోహిణి కార్తె. పొద్దున్నే రేకులు చిటపటమంటున్నాయి. నేను పిట్టగోడ మీద మూడు ముక్కలుగా బోర్లపడి ఉన్నాను. వజ్రవ్వ బకెట్టు పట్టుకుని బయటికొచ్చింది. పిల్లి లోపలికి దూరి పాలు తాగుతుందని గది తలుపుకు బయట గొళ్ళెం పెట్టింది. వెనకాల రేకుల స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అవతల షెడ్డులో సాంచాలు ఒక్కొక్కటీ మొదలయ్యాయి.

బకెట్టు బోల్తాపడిన చప్పుడు. ఆ వెంటనే, అంతకంటే బరువైనదేదో పడిన చప్పుడు.

తరువాత ఆమె గొంతు. "రాజేశం! ఓ రాజేశం!"

పక్క వీధికి వినపడే గొంతును సాంచాలు నమిలి మింగేశాయి. నేను విన్నాను. ఏం లాభం? వినగలిగినవాడికి నోరు లేదు, నోరున్నవాళ్ళకు వినపడదు.

రాజేశం చాయ్ తాగడానికి బయటికొచ్చాడు. గొళ్ళెం చూశాడు. గోడ మీద నన్ను చూశాడు. "అవ్వ ఎటో పోయినట్టున్నది, గిన్నె తగిలెయ్య మరిచింది" అనుకున్నాడు. మంచివాడు. నన్ను పొందికగా పేర్చి, కొక్కేలు బిగించి, మేకుకు తగిలించాడు. చెడ్డవాడైతే నన్ను గోడ మీదే వదిలేసేవాడు. మొగిలి వచ్చి ఖాళీ గిన్నె లేదేమని అడిగేవాడు. చూశారా, ఒక్కోసారి మంచితనం ఎంత పని చేస్తుందో.

ఎండ ఎక్కింది. ఆమె కేక పిలుపైంది, పిలుపు మూలుగైంది. ఆ తరువాత మూలుగు కూడా ఆగింది.

మొగిలి వచ్చాడు. మనిషిని చూడకుండా అన్నం పెట్టి పోకూడదని నియమం ఉంది. కానీ ఎండలో అన్ని గడపలు తిరిగేవాళ్ళు తమకు తామే ఇంకో నియమం రాసుకున్నారు. ఖాళీ గిన్నె మేకుకుంటే మనిషి ఉన్నట్టే.

"అవ్వ లేదా?" అని షెడ్డులోకి అరిచాడు.

"ఎటో పోయింది!" రాజేశం చెయ్యి ఊపాడు.

'టంగ్.' నా జంట మేకుకు చేరింది, నేను ఆటోలో పడ్డాను. అది నిండుగా, ఏమీ తెలియకుండా ఆ మూసిన తలుపు ముందు ఉండిపోయింది. అంతా తెలిసిన నేను ఖాళీగా దూరమైపోతున్నాను. మొగిలి ఇంకా చాలా గుమ్మాల ముందు ఆగాడు. ఒక తాత అల్లుణ్ని తిట్టడం మొదలుపెట్టాడు. ఒక అవ్వ మందుచీటీ చదివించుకుంది. ప్రతి చోటా ఆటో ఆగినప్పుడల్లా ఆ రేకులగది ఇంకాస్త కాలుతున్నట్టు అనిపించింది నాకు.

వంటశాలలో మేడమ్ లేదు. ఆఫీసులో మీటింగట. సుగుణ గిన్నెలను వేడినీళ్ళ తొట్టిలో వేస్తోంది. పదకొండు మునిగింది. పన్నెండు. పదమూడు. నా పిడి పట్టుకుంది.

"ఆగు. పద్నాలుగు ఇటియ్యి."

ప్రభావతి మేడమ్ గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. నన్ను అందుకుని తెరిచింది. అడుగు గిన్నె చూసింది. వెలుతురుకు పట్టి వంచింది. నడిమి గిన్నె, పై గిన్నె, మూత అన్నీ చూసింది. వేలితో అంచు చుట్టూ తడిమింది.

"అమ్మయ్య, అవ్వ మీ మాట విన్నది మేడమ్!" అంది సుగుణ. అందరూ నవ్వారు.

"మీరే గెలిచిన్రు" అన్నాడు మొగిలి.

మేడమ్ నవ్వలేదు. "ఆమెను చూసినవా?"

"లేదు మేడమ్. తలుపుకు బయట గొళ్ళెమున్నది. ఎటో పోయిందట."

"తాళమేసి ఉందా?"

మొగిలి ఆలోచించాడు. "తాళం... లేదు మేడమ్. ఉత్త గొళ్ళెమే."

"తాళం వెయ్యకుండ ఆడమనిషి ఎంతదూరం పోతదయ్యా? ఆటో తియ్యి!"

నన్ను చేతిలో పట్టుకున్న సంగతే ఆవిడ మరిచిపోయింది. అట్లాగే ఆటోలో కూర్చుంది.

గుమ్మం ముందు నా జంట మేకుకు అట్లాగే వేలాడుతోంది. ముట్టలేదెవరూ. మేడమ్ గొళ్ళెం తీసింది. గదిలో ఎవరూ లేరు. చాప, బియ్యం డబ్బా, పెట్టె. "అవ్వా!" అని పిలిచింది. సాంచాలు ఆ పిలుపునూ మింగాయి. ఆవిడ షెడ్డులోకి దూసుకెళ్ళింది.

"సాంచాలు బందు పెట్టు!"

"మేడమ్, దారం తెగుతది..."

"బందు పెట్టుమన్న!"

ఒక్కొక్కటీ ఆగాయి. ఆ వాడలో పగటిపూట నేనెప్పుడూ వినని నిశ్శబ్దం. అందులోంచి చిన్న చప్పుడు. రేకు మీద మగ్గుతో కొడుతున్న చప్పుడు. టక్. చాలాసేపటికి ఇంకొకటి. టక్.

మొగిలి రేకు తలుపును భుజంతో గుద్ది ఊడగొట్టాడు.

ఆమెను మంచం మీద మోసుకొచ్చారు. తుంటి విరిగింది, పెదాలు ఎండి పగిలాయి. మేడమ్ తడిగుడ్డతో మొహం తుడుస్తుంటే వజ్రవ్వ కళ్ళు తెరిచింది. మేడమ్‌ను చూడలేదు, ఆవిడ చేతిలో ఉన్న నన్ను చూసింది.

"బియ్యం డబ్బా ముట్టలే బిడ్డా. తానం కాలే. గిన్నె ఖాళీగ పోయిందా?"

"ఖాళీగనే వచ్చింది అవ్వా."

"తప్పైంది."

"తప్పు కాదవ్వా. ఖాళీగ వచ్చిందనే నేనొచ్చిన."

ఆటోలో ఆమెను పడుకోబెట్టారు. మొగిలి పరుగున వెనక్కి వచ్చి మేకుకున్న నా జంటను తీశాడు. "దవాఖానల ఆకలైతది" అన్నాడు. ఆ అన్నం అప్పటికే పులిసి ఉంటుందని ఎవరికీ తోచలేదు. తీసేటప్పుడు అది మేడమ్ చేతిలోని నాకు తగిలింది. 'టంగ్.' అదే ఆఖరుసారని తెలిస్తే ఇంకాస్త గట్టిగా మోగేవాణ్ని.

వజ్రవ్వ తిరిగి రాలేదు. నడవలేని మనిషి ఒంటరిగా ఉండకూడదని, దవాఖానా నుంచి నేరుగా జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ వృద్ధుల ఆశ్రమానికి తీసుకెళ్ళారు. నా జంట ఆమెతోనే వెళ్ళింది. ఆ గదిలోకి వేరే కిరాయిదారులు వచ్చారు. మేకు మాత్రం అట్లాగే ఉందట.

మేడమ్ నియమం మార్చింది. గిన్నె కడిగే రావాలి. కానీ అడుగున ఒక బియ్యపు గింజ ఉండాలి. లేకపోతే మొగిలి వెనక్కి వెళ్ళి తలుపు కొట్టాలి, మనిషి మొహం చూడాలి. ఇప్పుడు మధ్యాహ్నమైతే ఆ వంటశాల కిటికీ అంచున పిచ్చుకలు కొట్లాడుకుంటాయని విన్నాను. విన్నాననే అంటున్నాను, ఎందుకంటే నేనక్కడ లేను.

ఈ కథ పైవాళ్ళకు చేరింది. వేరే ఊళ్ళ నుంచి అధికారులు చూడ్డానికి రాసాగారు. వచ్చినవాళ్ళకు చూపించడానికి ఏదో ఒకటి కావాలి కదా! నన్ను చింతపండు పెట్టి తోమి, తళతళా మెరిపించి, మున్సిపల్ ఆఫీసులో అద్దాల అలమరాలో పెట్టారు. పక్కన చిన్న దీపం కూడా. వచ్చినవాళ్ళు నన్ను చూసి తలలూపుతారు. ఖాళీగా రాని గిన్నె ఇదేనండీ అని గొప్పగా చెబుతారు. చెప్పినవాళ్ళకు గానీ విన్నవాళ్ళకు గానీ ఒక్కరికీ తట్టలేదు, నన్ను అందులో ఖాళీగా పెట్టారని.

మళ్ళీ అటక మీదికే వచ్చినట్టుంది నాకు. అప్పుడు పక్కన జంటైనా ఉండేది.

ప్రభావతి మేడమ్‌కు బదిలీ అయింది. శాలువా కప్పారు, మిక్చరు పంచారు, సుగుణ కళ్ళు తుడుచుకుంది. అందరూ కిందికి దిగాక మేడమ్ సుగుణను మాత్రం తోడు తీసుకుని నా అలమరా దగ్గరికి వచ్చింది.

"నిన్న ఆశ్రమం పోయిన. అవ్వను చూసొచ్చిన."

"మంచిగున్నదా మేడమ్?"

"మంచంలనే ఉంది. గొంతు మాత్రం అదే గొంతు. అక్కడి వంటామెతో ఉప్పు గురించి పంచాయితి పెట్టుకుంది." మేడమ్ నవ్వింది. "ఆ ఇంకో పద్నాలుగు నెంబరు గిన్నెను తలకాడనే పెట్టుకుంది. ఎవ్వరినీ ముట్టనియ్యదు. అండ్ల దారప్పోగులు దాచుకున్నది."

అలమరా అద్దం మీది దుమ్ము వేలితో తుడిచింది.

"నన్నొకటడిగింది సుగుణా. 'నా రెండో గిన్నె మీ దగ్గరున్నది గదా, ఖాళీగ పెట్టిన్రా?' అన్నది."

మేడమ్ అలమరా అద్దం పక్కకు జరిపింది. నన్ను దించి, కొక్కేలు విప్పి, అడుగు గిన్నె బయటికి తీసింది. కొంగు చివర ముడి ఉంది. ఆఫీసులో తిరిగే మనిషి కొంగుకు ముడి వేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. గోళ్ళతో మెల్లగా విప్పింది.

"అవ్వ పంపింది" అంది.

'టిక్.'

నన్ను మళ్ళీ పేర్చి, అద్దం మూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను ఖాళీగా లేను. అయినా కింద వీధిలో ఆటో ఆగినప్పుడల్లా నా పిడి కాస్త అదురుతుంది. మొగిలి మెట్లెక్కి వస్తాడనీ, అతని చేతిలో నా జంట ఉంటుందనీ, ఒక చేత్తో దాన్ని పెడుతూ ఇంకో చేత్తో నన్ను తీస్తాడనీ.